కప్పులేని చర్చిలో కరుణ పాట

మీరు నవ్వినా సరే... ఇది జరిగింది. పత్రికలో పనిచేసిన రోజుల్లో ఇద్దరు చెప్పందే నేను ఏదీ రాయలేదు. దీనికీ ఇద్దరం ఉన్నాం. నేను, నా భార్య కరుణ.

ఎనభైల మధ్యలో అమెరికాలో, పార్సిప్పనీలో ఉండేవాళ్ళం. దగ్గర్లో తెలుగు చర్చి లేదు. ఇంగ్లీషు ఆరాధనలో కరుణ నోరు విప్పేది కాదు. ఇంట్లో కూడా పాట మానేసింది.

"నేను నరసాపురం వెళ్ళిపోతానండీ. మీరుండండి," అంది ఆ నవంబరులో. కోపంగా కాదు... అలసటగా.

ఆ ఆదివారం ఊరికే డ్రైవ్‌కి తీసుకెళ్ళాను. అడవి పక్కన ఒక శిథిలం కనిపించింది. ఎవరో ధనవంతుడు ఫ్రాన్సు పల్లె నుంచి ఏడెనిమిది వందల ఏళ్ళనాటి చిన్న చర్చిని రాయి రాయిగా ఓడలో తెప్పించి, సగం కట్టించి వదిలేశాడట. బయట బోర్డు మీద ఉంది. మూడు గోడలు, ఒక గుమ్మం. అప్పటికి చీకటి పడుతోంది.

గుమ్మం దగ్గర కరుణ బూట్లు విప్పింది. మా వైపు చెప్పులతో చర్చిలోకి వెళ్ళం.

"ఈ చలిలో బూట్లు విప్పుతావేంటి? దీనికి కప్పే లేదు."

"కప్పు లేకపోతే దేవుడు లేచిపోయాడా ఏంటి? మీకు చలేస్తే కార్‌లో హీటర్ వేసుక్కూర్చోండి."

చెంగు తలమీదికి లాక్కుని లోపలికి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. పాట ఎత్తుకుంది. ఎన్ని నెలలకు... ఆ గొంతు!

మా చర్చిల్లో ఒకరు ఒక పాదం పాడి ఆగితే, మిగతావాళ్ళంతా అందుకుంటారు. ఆ అలవాటు కొద్దీ కరుణ ఆగింది.

గాలి లేదు. ఆకు కదల్లేదు.

అప్పుడు... అందుకున్నారు.

ప్రతిధ్వని అంటారా? కరుణ చివరి మాటను తుంచి పాడింది. వాళ్ళు సాగదీశారు... మా ఊరి చర్చిలో చాపల మీద కూర్చున్న ముసలమ్మల్లాగా. చాలా మెల్లగా. ఒకరిద్దరు కాదు. మధ్యలో ఎవరో దగ్గారు.

లోపలికి తొంగి చూశాను, కరుణ ఒక్కతే ఉంది. కరుణ రెండో పాదం పాడింది. ఆగింది. మళ్ళీ...

కార్‌లో అడిగింది. "మీరేనా అందుకుంది?"

"నేను కాదు."

"తెలుసులెండి. మీరైతే శ్రుతి తప్పేది."

నవ్వుతోంది. ఆ ముఖంలో భయం లేదు. నాకు భయం వేసింది అందుకే.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అక్కడికే తీసుకెళ్ళమనేది. నరసాపురం మాట మళ్ళీ ఎత్తలేదు. నన్ను వదల్లేక ఉండిపోయిందని మిత్రులు ఇప్పటికీ అంటారు. కావచ్చు.

ఎవరిని వదల్లేకపోయిందో... నేనెప్పుడూ అడగలేదు.