ఇంగ్లీషుల చెప్పిన మా ఇంటి ముచ్చట

నాకు ఇంగ్లీషు కథలతోనే వచ్చింది. మా ఊరు ఆత్మకూర్‌కు ఇవతల, కృష్ణ ఒడ్డు దిక్కు. ఊర్లె బడి ఏడో తరగతి దాకనే. నేను ఆరో తరగతిలకొచ్చిన సంవత్సరం కోస్తా నుంచి ఒక సారు వచ్చిండు. కోస్తా, మా దిక్కు కలిసి ఒక్క రాష్ట్రమై అప్పటికి ఎన్నో ఏండ్లు కాలేదు. మా మాట వింటే ఆయనకు నవ్వులాట. "మీకు తెలుగే సరిగా రాదు, ఇంక ఇంగ్లీషేం నేర్పేది?" అనేవాడు. అనుకుంటనే నేర్పిండు. ఒక్కటి ఒప్పుకోవాలె, ఆయనకు నేర్పుడు వచ్చు.

వ్యాకరణం బట్టీ పట్టియ్యలేదు. ఒక కుటుంబం మీద చిన్న చిన్న కథలు అల్లి నల్లబల్ల మీద రాసేటోడు. తండ్రి ఆఫీసుల గుమాస్తా, తల్లి ఇంట్ల ఉంటది, ఒక కొడుకు, ఒక బిడ్డ. తండ్రి రోజూ పండ్లు తెస్తడు, రేపు కూడ తెస్తడు. మన మాటల రెండింటికి 'తెస్తడు' ఒక్కటే, ఇంగ్లీషుల వేరువేరని ఆ పండ్ల కథతోనే తెలిసింది. ఒకడు చేసే పనికి చివర 'ఎస్' మరిస్తే ఆయన బెత్తం అరచేతుల మీద పడేది. ఇంకో కథల బిడ్డకు జరమొస్తే తల్లిదండ్రులిద్దరు మంచం పక్కన కూసుంటరు. 'బోత్' అంటే ఇద్దరు కలిసి అని సారు చెప్పిండు. ఆ కథ నేను ఇంటికాడ మల్ల మల్ల చదువుకునేదాన్ని.

మా నాయినకు ఇద్దరు పెండ్లాలు. గొర్లు, పొలం ఉన్న పెద్ద కాపురం. నా తర్వాత అమ్మకు కాన్పు నిలువలేదని చిన్నమ్మను తెచ్చుకున్నడు. చిన్నమ్మకు కొడుకు పుట్టినంక మా అమ్మ పొయ్యి, పడక గొర్ల కొట్టంలకు మారినయి. నేను అమ్మతోనే ఉంటి. నాయిన మా దిక్కు వచ్చేది గొర్లను చూసుకోనీకే. ఊరందరికి తెలిసిన సంగతే, కాని ఎవరూ నోటితోని అనేటోళ్లు కాదు.

ఏడో తరగతిల ఉన్నప్పుడు పాలమూరు నుంచి బడులు చూసే ఇన్‌స్పెక్టరు వచ్చిండు. ఊరి పెద్దమనుషులను పిలిచి కుర్చీలేసిన్రు. ముందు కుర్చీల మా నాయిన. సారు నన్ను లేపి పండ్ల కథ చెప్పమన్నడు. చెప్పిన. ఇన్‌స్పెక్టరుకు ముచ్చటైంది.

"బట్టీ పట్టింది కాదు, మీ ఇంటి సంగతి చెప్పు. నీ సొంతంగా చెప్పు," అన్నడు.

అడిగితే నిజం చెప్పాలె అనుకున్న. నాయిన ముందట ఉన్నడన్న భయం కూడ లేకుండె. ఆయనకు ఇంగ్లీషు రాదు కద.

"మై ఫాదర్ హ్యాస్ టూ వైవ్స్. హి ఈట్స్ విత్ వన్. మై మదర్ లివ్స్ విత్ ద షీప్. షి వీప్స్."

ఎక్కడ ఎస్ మరువలేదు. ఇన్‌స్పెక్టరు పడి పడి నవ్విండు. "ఒక్క తప్పు లేదు!" అని సారు భుజం తట్టిండు. వాళ్లల్ల మా నాయిన ఉన్నడని తెలువక పెద్దమనుషుల దిక్కు తిరిగి, వాళ్లకు కూడ తెలువాలెనని ఒక్కో మాట తెలుగుల చెప్పిండు. "వాళ్ల నాయినకు ఇద్దరు భార్యలట. ఒకామెతోనే తింటడట. తల్లి గొర్లల్ల ఉంటదట, ఏడుస్తదట."

ఎవరూ నవ్వలేదు. అందరు నాయిన దిక్కు చూసిన్రు. ఆయన తల రుమాలు సదురుకొని లేచి ఎల్లిపోయిండు.

పొద్దుగూకంగ కొట్టం కాడికి వచ్చిండు. కొట్టలేదు. నా దిక్కు చూడనన్న చూడలేదు. అమ్మతోని అన్నడు: "రేపటి సంది అది బడికి పోదు. గొర్లెంట పోతది."

ఆయన పోయినంక అమ్మ అడిగింది. "ఏం చెప్పినవే?"

తెలుగుల చెప్పిన. అన్నీ విన్నది. చివరిమాట కాడ ఆమె మొఖం మారింది.

"ఏడుస్తదని చెప్పినవా? గంతమంది ముందట? నేనెప్పుడు ఏడ్సిననే? నువ్వు చూసినవా?"

నేను చూడలేదు. నిజమే, అమ్మ ఏనాడు ఏడువలేదు. సారు కథల్ల దుఃఖం వచ్చిన తల్లులందరు ఏడ్సేటోళ్లు, నాకు వచ్చిన మాట అదొక్కటే. ఏడువకుండ బతికే మనిషిని ఏమంటరో ఆయన నేర్పలేదు.

అయినా తెల్లారి అమ్మనే బడికి పోయింది. నన్ను గూడ తోలుకపోయింది. గడప అవతలనే నిలబడి అడిగింది: "సారూ, నా బిడ్డ అబద్ధమాడిందా?"

"లేదమ్మా."

"తప్పు మాట్లాడిందా?"

"లేదు. చాలా బాగా చెప్పింది."

"మరి గా మాట మా ఇంటాయనకు చెప్పు. పిల్లను బడికి తోలమను."

సారు చేతిల సుద్దముక్కను తిప్పుకున్నడు. "ఆయన ఊరి పెద్దమనిషి. నేను ఉద్యోగానికొచ్చినవాణ్ణి. మీ ఇంటి వ్యవహారంలో నేనెట్లా వస్తానమ్మా?" అన్నడు. నా దిక్కు చూడకుండనే లోపలికి పోయి పాఠం మొదలువెట్టిండు. అమ్మ, నేను కొట్టానికి మళ్లొచ్చినం.

రెండేండ్లు గొర్లెంట తిరిగిన. చిన్నమ్మ కొడుకును ఇంకొన్నేండ్లకు పాలమూరుల కిరాయి ఇల్లు తీసుకొని చదివిచ్చిన్రు. నన్ను మాత్రం ఆ రెండేండ్లు కాంగనే కొల్లాపూర్ దిక్కు పెండ్లి చేసి ఇచ్చిన్రు. ఆ రెండేండ్లు నాయిన నాతోని మాట్లాడలేదు, ఏమన్న ఉంటే చిన్నమ్మతోని చెప్పిచ్చేటోడు. బండి ఎక్కేటప్పుడు మాత్రం దగ్గరికొచ్చిండు.

"అత్తగారింట్ల నోరు జర అదుపుల వెట్టుకో," అన్నడు.

అంతే. బండి కదిలింది. అమ్మ కొట్టం ముందట నిలబడి ఉన్నది. ఆమె అప్పుడు గూడ ఏడువలేదు.