ఆగండి మేస్త్రి

తాడేపల్లిగూడెం బైపాసు పక్కన పంక్చర్ షాపు నడిపే బాజీ మేస్త్రికి ఉన్నది ఒకటే పిచ్చి. ఎవరు ఎప్పుడు ఆగాలో తనే చెప్పాలి. "పరిగెత్తడం కుక్కపిల్లకైనా వచ్చండీ, ఆగడమే విద్య" అనేవాడు. మెడలో తాయెత్తు పక్కనే ఒక స్టాప్‌వాచ్ వేలాడేది. హైస్కూలు డ్రిల్లు మాస్టారి సైకిలుకి రెండు టైర్లు వేసి, బదులుగా పుచ్చుకున్న వస్తువది. గూడెంలో బాజీలు నలుగురైదుగురున్నా "ఆగండి మేస్త్రి" అంటే మాత్రం ఈ ఒక్కడే.

మేస్త్రి ఘనతలన్నీ వరసగా చెప్పగలిగిన మనిషి నాగేశ్వరరావుగారు. పక్కూరి రైతు. ఊరి బడిలో అయిదో తరగతి, ఆరెకరాల మాగాణి, ఒక తెల్ల స్కూటరు ఆయన ఆస్తి. "రేడియో ఎవరో దొర కనిపెట్టాడు, బాజీని మాత్రం నేనే కనిపెట్టాను" అని మార్కెట్ యార్డులో రొమ్ము విరుచుకుని చెప్పేవారు.

టైరు మార్చమని ఎవరైనా వస్తే బాజీ వేలితో గీతలు తడిమి, "ఇప్పుడు కాదండీ. ఇంకో రెండొందల కిలోమీటర్లు తిరిగి రండి" అని పంపేసేవాడు.

"షాపు పెట్టింది బేరం చెయ్యడానికా, పొమ్మనడానికా?"

"సరైన టైముకి రమ్మనడానికండీ. ముందే మారిస్తే టైరు దండగ, తర్వాత మారిస్తే మీరు దండగ."

లారీవాళ్ల దగ్గర మాత్రం ఈ తీరు తిరగబడేది. ఆకివీడు నుంచి చేపల లోడు వేసుకుని డ్రైవర్లు నిప్పులు తొక్కినట్టు వచ్చేవారు. పంక్చర్ పదిహేను నిమిషాల్లో వేసేసి, టైరు మీద చెయ్యి వేసి, "ఇది ఇరవై నిమిషాలు చల్లారాలండీ. ఈలోపల కదిలితే నా పూచీ లేదు" అనేవాడు. లోపల ఐసు కరిగిపోతోందని డ్రైవరు తిట్టేవాడు. బాజీ స్టాప్‌వాచ్ నొక్కి, పాకలో ఉన్న నులకమంచం చూపించేవాడు. రెండో నిమిషానికి తిట్లు ఆగేవి. మూడో నిమిషానికి గురక మొదలయ్యేది.

బాజీ కూడా ఒకప్పుడు చేపల లారీ డ్రైవరే. ఒక తెల్లవారుజామున కన్ను మూతపడి లారీని తిన్నగా కొల్లేటి పక్క చెరువులోకి దించేశాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ కథ చెప్పి తనే పడీపడీ నవ్వేవాడు. "చచ్చిన చేపలు కూడా తేలుకుంటూ సొంతూరు వెళ్లిపోయాయండీ!" ఆ రోజు నుంచి స్టీరింగు ముట్టలేదు.

ఇక ఆదివారం సాయంత్రాలు టీ హోటల్లో కేబుల్ టీవీలో కార్ల రేసులు. కార్లు రయ్యిమని పోతున్నంతసేపూ బాజీ గోడకేసి చూస్తూ టీ తాగేవాడు. ఏదైనా కారు పెట్రోలుకీ టైర్లకీ ఆగిందా, గ్లాసు పక్కన పెట్టి టీవీ ముందుకి గెంతేవాడు. రేసు ఎవరు నెగ్గారని అడిగితే, "కారు రంగు తెలీదండీ. అందరూ ఆగినప్పుడు తనూ ఆగినవాడు నెగ్గాడు" అనేవాడు. అక్కణ్ణుంచి తీసిన సూత్రం ఇది: అందరూ పరిగెడుతుంటే ఆగినవాడికి నష్టం, అందరూ ఆగి ఉన్నప్పుడు ఆగినవాడికి నష్టం సున్నా.

"అర్థంకాలేదయ్యా" అన్నారు నాగేశ్వరరావుగారు.

"రైలుగేటు ఉందిగదండీ. గేటు పడితే ఎలాగూ అందరం ఆగుతాం. ఏ పనున్నా అప్పుడు చేసుకోండి. ఆ టైము మీకు ఊరికే వచ్చినట్టే."

నాగేశ్వరరావుగారికి నచ్చింది. మర్నాడు గేటు పడగానే స్కూటరు దిగి పక్కనే ఉన్న సెలూన్లో కూర్చున్నారు. ఖర్మకొద్దీ ఆ రోజు గూడ్సు రాలేదు, రెండు పెట్టెలు తగిలించుకున్న ఇంజను వచ్చింది. కుడి బుగ్గ నున్నగా, ఎడమ బుగ్గ నురగతో యార్డుకి వెళ్లారు. మిగతా సగం సాయంత్రం గేటుకి పూర్తయింది. అయినా ఆయన నమ్మకం తగ్గలేదు. "తప్పు బాజీది కాదు, రైల్వేది" అన్నారు.

ఆయనకి అంతుపట్టనిది ఒకటే. ఆరేళ్లుగా, రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకి ఇంటికి బయల్దేరితే, సరిగ్గా బాజీ షాపు దగ్గరికొచ్చేసరికి వెనక టైరులో గాలి తగ్గిపోయి ఉండేది.

"ఏవండీ, ఆగండాగండి! టైరు చూస్తాను" అని బాజీ గొంతుక్కూర్చుని మీటరు పెట్టి, నాలిక చప్పరించేవాడు. "బాగా తగ్గిందండీ. వేడి మీద గాలి కొట్టకూడదు. మూడున్నర దాకా కూర్చోండి."

ట్యూబు మూడుసార్లు మార్చారు, టైరు రెండుసార్లు మార్చారు. లాభం లేకపోయింది. మూడున్నర దాకా పాకలో కూర్చోవడం, పేపరు చదవడం, బాజీ భార్య రబియా పంపిన మజ్జిగ తాగడం. "గూడెం ఎండకి గాలి నిలవదు" అని చివరికి సరిపెట్టుకున్నారు.

రెండువేల ఏడు వేసవిలో ఆకివీడు దగ్గర చేపల చెరువుల రైతులు కలిసి మోటారుసైకిళ్ల పందెం పెట్టారు. ఎండగట్టిన ఒక పెద్ద చెరువు గట్టు మీద ముప్పై చుట్లు. చుట్టుకి రెండు నిమిషాలు. టాంకులో సీసాతో కొలిచి పోసేది ముప్పావు లీటరే. కాబట్టి మధ్యలో ఒకసారి ఎవరి తాటాకు పందిరి దగ్గర వాళ్లు ఆగి పెట్రోలు పోసుకోవాల్సిందే. నెగ్గినవాడికి కొత్త మోటారుసైకిలు.

ఆ బండి ఏసుబాబుకి కావాలి. ఏసుబాబు కొల్లేటి చేపలు ఊరూరా తిరిగి అమ్మేవాడు. అతని మోపెడ్ ఆ మార్చిలో ప్రాణం వదిలేసింది. ఇక లాభం లేదని బాజీయే తేల్చి చెప్పాడు. గంపతో బస్సెక్కితే ఆ వాసనకి కండక్టరు మొదటి స్టాపులోనే దింపేసేవాడు. నాలుగూళ్ల బేరం ఒక ఊరికి వచ్చింది.

"బండి రాకపోతే మా ఆవిడ యేసమ్మ గంప నెత్తినెట్టుకుని నడుస్తానంటోందండీ" అన్నాడు ఏసుబాబు.

"నా పాత బండి తీసుకెళ్లి తోలు. తోలడం నీ పని. ఆగడం నా పని" అన్నాడు బాజీ.

ఆ వారమంతా మూడున్నర కాగానే బాజీ షాపు మూసి, ఆకివీడు బస్సెక్కి మాయం. రబియాకి ఒళ్లు మండింది. "ఈ మనిషికి ఆగడం వచ్చుగానీ ఇంటికి రావడం రాదు" అంది. తీరా తేలిందేమిటంటే, బాజీ చెరువు గట్టు మీద నిలబడి గేదెల్ని చూస్తున్నాడు. గట్టు అవతల మురుగుకాలవలో పొద్దంతా పడుండే వీర్రాజు గేదెలు ముప్పై, సాయంత్రం ఆ గట్టు దాటే ఇంటికెళతాయి.

"బేరమా మేస్త్రిగారూ? పాలు పిండి చూపించమంటారా?" అని వీర్రాజు అడిగాడట.

"పాలు వద్దండీ. నడక చూస్తాను."

కిందటేడు పందెంలో ఒకడు గేదెని గుద్దుకుని చెరువులో పడ్డాడు. గేదె కనీసం తల తిప్పి చూడలేదు. అందుకని ఈసారి ఒక రూలు పెట్టారు. గేదెలు గట్టెక్కగానే ఎర్ర తువాలు ఎత్తుతారు. ఎక్కడి బండి అక్కడ ఆగిపోవాలి. ఆఖరి తోక దాటాక తువాలు దించుతారు. అయితే, అప్పటికే పందిరి కింద ఉన్న బండికి పెట్రోలు పోయకూడదని ఏ రూలూ లేదు.

పందెం నాడు నాలుగున్నరకి జెండా ఊపారు. మే నెల ఎండ ఇంకా చావలేదు. పది బండ్లు లేచాయి. అందరికంటే ముందు గూడెం కుర్రాడు ఫణికిరణ్. కొత్త బండి, వాడి వెనక ఒకే రంగు బనీన్లు వేసుకున్న ముగ్గురు సహాయకులు. ఏసుబాబు నాలుగో వాడు.

పదిహేనో చుట్టు దగ్గర బండ్లు ఒక్కొక్కటే పందిళ్లలోకి రావడం మొదలైంది. ఫణికిరణ్ బండికి పద్నాలుగు సెకన్లలో పోసేశారు. పక్క పందిట్లోంచి వాడు కేకేశాడు. "ఏవండీ ఆగండి మేస్త్రిగారూ, మీవాడికి ఆగమని చెప్పడం మర్చిపోయారా?"

బాజీ గట్టు అవతలికే చూస్తున్నాడు. పోసుకోని ఏసుబాబు ఇప్పుడు అందరికంటే ముందున్నాడు. కానీ టాంకు ఖాళీ అవుతోంది. ఇరవయ్యో చుట్టులో అరుచుకుంటూ పోయాడు. "పెట్రోలండీ!"

"తిరుగు!" అన్నాడు బాజీ.

ఇరవై ఒకటి. "అయిపోతందండీ బాబూ!"

"తిరుగూ!"

పందిట్లో పక్కనే ఉన్న నాగేశ్వరరావుగారు బాజీ భుజం పట్టుకుని కుదిపారు. "బాజీ, అక్కడ బండి ఆగితే వాడి బతుకు ఆగిపోతుందయ్యా! దేనికోసం చూస్తున్నావు?"

"కొంగల కోసమండీ."

"కొంగలా!"

"గేదెల వీపుల మీద తెల్లకొంగలు కూర్చుంటాయండీ. గేదె లేస్తే కొంగ ఎగురుద్ది. కొంగ ఎగిరిన రెండు నిమిషాలకి మొదటి కొమ్ము గట్టెక్కుద్ది. వారమంతా చూశాను, అయిదు సెకన్లు తేడా రాలేదు."

"ఇవాళ మైకు గోలకి లేవకపోతే?"

బాజీ మొదటిసారి మొహం తిప్పి ఆయనకేసి చూశాడు. మెడలో తాయెత్తుని ఓసారి పట్టుకున్నాడు.

ఇరవై రెండు. ఏసుబాబు అరవడం కూడా మానేశాడు. అతని వెనక దుమ్ము తేలుతూ ఉండగానే గట్టు అవతల బియ్యం చల్లినట్టు తెల్లగా లేచాయి కొంగలు. బాజీ స్టాప్‌వాచ్ నొక్కాడు. రెండు నిమిషాలు కావస్తుండగా ఏసుబాబు మళ్లీ కనబడ్డాడు. బండి దగ్గుతోంది. బాజీ రెండు చేతులూ ఎత్తాడు. "రా!"

ఇంజను చచ్చిపోయిన బండి జారుకుంటూ పందిట్లోకి వచ్చింది. మొదటి గేదె గట్టెక్కింది. ఎర్ర తువాలు లేచింది. తొమ్మిది బండ్లు ఎక్కడివక్కడ ఎండలో నిలబడిపోయాయి.

వీర్రాజు గేదెలు దొరసానుల్లా నడిచాయి. ఒకటి మధ్యలో నిలబడి నెమరు కూడా వేసింది. అంతా కలిపి నాలుగు నిమిషాలు. బాజీ తొమ్మిది సెకన్లలో పెట్రోలు పోశాడు. తర్వాత ఏసుబాబుని పందిట్లో ముందే వేసి ఉంచిన నులకమంచం మీద కూలేసి, నెత్తిన కడవెడు నీళ్లు కుమ్మరించి, తడితువాలు కప్పి, రబియా ఇచ్చి పంపిన మజ్జిగ చెంబు నోటికి అందించాడు. గట్టు మీద ఫణికిరణ్ నెత్తిన అరచెయ్యి పెట్టుకుని, కాలుతున్న పాదాలు మార్చి మార్చి నిలబడ్డాడు.

"రూలు ఒప్పుకోదు!" అని అరిచాడు.

"ఏ రూలు బాబూ?" అని మైకులో అడిగారు.

తువాలు దిగింది. మిగిలినవి ఏడు చుట్లు. ఫణికిరణ్ మంచి చోదకుడే, తరిమాడు. కానీ కళ్లు ఎండకి బైర్లు కమ్మినవాడికీ, మజ్జిగ తాగి లేచినవాడికీ తేడా ఉంటుంది. పదకొండు సెకన్ల ముందు ఏసుబాబు నెగ్గాడు. కొత్త బండి సీటు మీద చేతులు వెయ్యడానికి భయపడి, చొక్కాకి తుడుచుకున్నాడు.

నాగేశ్వరరావుగారు కనిపించిన ప్రతివాడికీ "నేను కనిపెట్టిన మనిషి" అని చెప్పి వచ్చాక, ఒక సందేహం అడిగారు. "పెట్రోలు తొమ్మిది సెకన్లే గదా. మరి ఆ మంచం, తడితువాలు, ఆ పెళ్లికొడుకు మర్యాదలు ఎందుకయ్యా?"

"వాడు పొద్దున్న మూడింటికి లేచి కొల్లేట్లో దిగాడండీ. బండికి తొమ్మిది సెకన్లు చాలు. మిగతాది మనిషికి."

"ఆ సంగతి వాడితో ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే ఆగరండీ" అన్నాడు బాజీ, క్యాను మూత బిగిస్తూ. "నువ్వు అలిసిపోయావురా, కాసేపు పడుకో అంటే ఏ డ్రైవరన్నా వింటాడా? మీసం మెలేసి బండెక్కుతాడు. టైరు చల్లారాలి అంటే కూర్చుంటాడు. బండి కోసమైతే ఆగుతారండీ మనుషులు."

"అయితే పంక్చర్ వేసిన టైరు ఇరవై నిమిషాలు చల్లారక్కర్లేదా?"

"ఎప్పుడో చల్లారిపోద్దండీ."

నాగేశ్వరరావుగారు నవ్వబోయి, సగంలో ఆగారు. తిరుగు ప్రయాణమంతా వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నారు. మూడు ట్యూబులు. రెండు టైర్లు. ఆరేళ్లు. ఇంటికి రాగానే భార్యని పిలిచారు.

"కాంతం, ఆరేళ్ల కిందట నేను మధ్యాహ్నం ఎండలో స్కూటరు మీంచి తూలి పడ్డాక, డాక్టరు ఎండలో తిరగొద్దన్న సంగతి నువ్వెవరికైనా చెప్పావా?"

"ఎవరికీ చెప్పలేదండీ" అంది కాంతమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ. "బాజీ అన్నయ్యగారికి తప్ప."

మర్నాడు నాగేశ్వరరావుగారు యార్డులో పని చూసుకుని, పెట్రోలు బంకులో రెండు టైర్లకీ రాయిలా గాలి కొట్టించారు. పన్నెండున్నరకి, ఎవరూ పిలవకుండానే, బాజీ షాపు ముందు ఆగారు.

"ఏవయ్యా బాజీ, వెనక టైరు చూడు. తగ్గినట్టుంది."

బాజీ గొంతుక్కూర్చుని మీటరు పెట్టాడు. "స్స్స్..." మని చప్పుడైంది. నాగేశ్వరరావుగారు చప్పున పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"బాగా తగ్గిందండీ. వేడి మీద కొట్టకూడదు. మూడున్నర అవుద్ది."

"అవనీవయ్యా" అన్నారు పేపరు వెనక నుంచి. "ఇవాళ ఎండ మరీ ఎక్కువగా ఉంది. ముందు టైరు కూడా చూడకూడదూ? నాలుగింటి దాకా కూర్చుంటాను."