మొదటి టేకులో క్లారినెట్

నేను పుట్టు పిరికిదాన్ని. ముందే ఒప్పుకుంటే ఒక పనైపోతుంది. తెలిసినవాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చినా సరే, కవరు చించేలోపే నా మనసు ఇద్దరు ముగ్గుర్ని చంపేసి ఏడవడానికి సిద్ధమవుతుంది. అలాంటిదాన్ని, కలకత్తా నుంచి ముక్కూమొహం తెలియని మనిషి ఇంగ్లీషులో టైపు చేసి పంపిన ఉత్తరం అందుకున్నాను. డెబ్భైలు సగానికి వచ్చాయి. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో టైపిస్టుని. ఆఫీసు అడ్రసు ఆయనకి రైల్వే ఉద్యోగుల క్లబ్బు, అదే ఇన్‌స్టిట్యూట్, పాత సెక్రటరీ ఇచ్చాడట.

ఆయన పాత జాజ్ రికార్డులు సేకరించే మనిషి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశంలో డాన్సు బ్యాండ్లు వాయించినవి కొన్ని ఏరి, ఒక విదేశీ కంపెనీ ఎల్పీగా వేయబోతోంది. అందులో మా బెజవాడ ఇన్‌స్టిట్యూట్ బ్యాండు మద్రాసు వెళ్ళి రికార్డు చేసిన ట్యూను కూడా ఉంది. ప్లేట్లు అచ్చువేసే అసలు లోహపు అచ్చుల్ని, మాస్టర్లంటారట, యుద్ధకాలంలో కరిగించేశారు. కంపెనీ పాత పుస్తకం మాత్రం మిగిలింది. దాని ప్రకారం ఆ ట్యూను ఒకే రోజు రెండుసార్లు రికార్డు చేశారు. మొదటి టేకు వద్దనుకుని రెండోది అమ్మకానికి వదిలారు. మొదటి దాని శాంపిల్ ప్లేటు బ్యాండువాళ్ళ దగ్గర ఎక్కడైనా ఉందేమో వెతికి పెట్టగలరా అని అడిగాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ‘రెండో టేకు పక్కన క్లారినెట్ మార్పు అని రాసి ఉంది. మీ తండ్రిగారు వాయించింది ఏ టేకులో?’

ఉత్తరం మడిచి టైపు మిషను కవరు కింద దాచేశాను.

ఎందుకో చెప్పాలి. మా నాన్నగారు రైల్వేలో గుమస్తా, సాయంత్రాలు ఇన్‌స్టిట్యూట్ బ్యాండులో క్లారినెట్. నాకు ఆరేళ్ళప్పుడు పోయారు. ఆయన తాలూకు మిగిలినవాటిలో మా అమ్మకి ప్రాణంలాంటిది ఆ ట్యూను ప్లేటొకటే. ఆదివారం చర్చి నుంచి వచ్చి, పటమటలో మా రెండు గదుల ఇంట్లో, చర్చికి కట్టిన చీర కూడా మార్చుకోకుండా గ్రామఫోనుకి కీ ఇచ్చేది. బాకాలన్నీ మోగి మోగి కాస్త తగ్గేచోట చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దనేది. “ఇదిగో, ఇప్పుడొస్తారు మీ నాన్న.” అప్పుడు క్లారినెట్ వచ్చేది, ఏ తడబాటూ లేకుండా, ఇంటి యజమానిలా. అమ్మ మిషను ఆస్పత్రిలో నర్సుగా ఇరవై ఏళ్ళకి పైగా చేసింది. ఎంతోమంది చావులు చూసి కన్నీళ్ళు పెట్టని మనిషి ఆ కాసేపూ కళ్ళొత్తుకునేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుండగా ప్లేటుని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి చూశాను. కలకత్తా ఆయన చెప్పినట్టే, లేబులు చుట్టూ గీతల్లేని నున్నటి చోట నంబరు చెక్కి ఉంది. చివర చిన్న గీత, గీత పక్కన టేకు అంకె, రెండు. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ రెండే.

ఉత్తరం చింపేసి ఊరుకోవచ్చుగా అంటారు. ఊరుకోవడానికీ ధైర్యం కావాలి. జవాబు రాకపోతే ఆయనే ఇంటికొచ్చి అమ్మనడిగితే? అందుకని శనివారం ఆఫీసు ఒంటిపూట కాగానే కొండపల్లి ప్యాసింజరెక్కాను. బ్యాండులో డ్రమ్ములు వాయించిన సాహెబుగారు రిటైరయ్యాక అక్కడ కొడుకు దగ్గర ఉంటున్నారు. కొడుకు థర్మల్ స్టేషను కట్టేచోట సూపర్‌వైజరు.

ఆయన నన్ను చూసి నాన్నగారి ముక్కు అని గుర్తుపట్టారు. ఉత్తరం చదివి వినిపిస్తే, లోపలికి చూసి కోడల్ని పిలిచారు.

“ఆ తెల్ల కాగితం ప్లేటు ఏదమ్మా? పేరు లేనిది?”

పేరు లేని ప్లేటు ఎవరికి కావాలి? అది వంటింట్లో నిమ్మకాయ ఊరగాయ జాడీ మీద, వాసెన గుడ్డ పైన మూతగా ఉంది. దాని మీద ఒక రాయి కూడా. కోడలు రాయి తీసి, ప్లేటుని కొంగుతో తుడిచి తెచ్చింది. ఒకవైపే గీతలున్నాయి. నున్నటి చోట అంకె ఒకటి.

“ఇందులో ఉన్నది మీ నాన్న,” అన్నారు సాహెబుగారు. “ఇన్‌స్టిట్యూట్‌లో హాలు నిండా జనం ఉంటే పులమ్మా వాడు. మద్రాసులో ఏముంది, నాలుగ్గోడలు, ఒక మైకు. ఎర్రలైటు వెలగంగానే వణుకు పట్టుకుంది. క్లారినెట్ మధ్యలో కీచుమంది. కంపెనీ దొర ఒప్పుకోలేదు. సినిమా పాటలకి వాయించే ఒకాయన్ని పిలిపించి రెండోది ఆయనతో వాయించాడు.” ఆ మద్రాసు ఆయన పేరు కూడా చెప్పారు. ఇప్పటికీ నాకు గుర్తుంది.

“మరి అమ్మకి...”

“ఇంటికెళ్ళి ఏం చెప్పాలిరా అని రైల్లో దారంతా అడిగాడు. నిజం చెప్పరా, కొరికేస్తుందా అన్నా. ప్లేటు రాంగానే మీ అమ్మ, ఇది మీరేనా అనడిగిందంట. మనోడు తలూపాడంట.” ఆయన నవ్వబోయి, నా మొహం చూసి మానేశారు. “మంచోడమ్మా. భయం మనిషి.”

తిరుగు ప్రయాణంలో ప్లేటుని రెండు అట్టల మధ్య పెట్టి, తువ్వాలు చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. పెట్టె కిక్కిరిసి ఉంది. బొమ్మల గంపతో ఎక్కిన ఒకావిడ గంప దించబోతూ అడిగింది.

“ఏంటమ్మా అది, అద్దమా?”

“అవునండి, అద్దమే.”

“అయితే గట్టిగా పట్టుకో మరి.”

పగిలిపోతుందేమోనని భయం. పగలదేమోనని అంతకంటే భయం. ఇది పగిలితే నాన్నగారి ఊపిరి ఇక లేదు. పగలకపోతే అమ్మ ఇన్నేళ్ళ ఆదివారాలు ఏమవుతాయి? బుడమేరు వంతెన మీద రైలు నెమ్మదించినప్పుడు కిటికీలోంచి జారవిడిస్తే సరిపోతుందనిపించింది. ఒక దొంగపని చేయాలన్నా గుండె ఉండాలి. వంతెన దాటిపోయింది. అడకత్తెరలో పోకచెక్కలా బెజవాడలో దిగాను.

మంచం కింద దాచేద్దామనుకుంటూ గడప దాటానో లేదో, అమ్మ ఎదురొచ్చింది.

“ఏంటే అది?”

అబద్ధాలాడేవాళ్ళకి సమయానికి మాట దొరుకుతుంది. నాకు నిజంలో సగం జారింది. “నాన్నగారి బ్యాండుదంట. సాహెబుగారిచ్చారు.”

ఇంకేముంది, కాళ్ళు కడుక్కోనివ్వలేదు. ఊరగాయ వాసనేంటని గొణుక్కుంటూ తడిగుడ్డతో తుడిచింది, కొత్త ముల్లు బిగించింది, కీ ఇచ్చింది. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను.

బరబరమంటూ మొదలైంది. అదే ట్యూను, అవే బాకాలు. అవి తగ్గేచోట అమ్మ అలవాటుగా చెయ్యెత్తింది. క్లారినెట్ ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది. స్వరం కంటే ముందు ఊపిరి వినపడింది, గబగబా పీల్చిన ఊపిరి. రెండు వరుసలు బాగానే వాయించారు. మూడోదాంట్లో సన్నగా వణికింది, కీచుమంది, ఆగింది, మళ్ళీ అందుకుంది. అందుకుని చివరిదాకా వణుకుతూనే వెళ్ళింది.

అంతకుముందు ఎప్పుడూ ఆయన్ని అంత దగ్గరగా వినలేదు. ఆ గబగబా పీల్చిన ఊపిరి నాది. ఉత్తరం విప్పేముందు నేను పీల్చేది అదే.

అమ్మ ముల్లు పైకెత్తింది. ఇంకా ఎత్తే ఉన్న చెయ్యి అప్పుడు దించింది.

“ఇది మీ నాన్న కాదు,” అంది.

నేను అట్టలు తీసుకుని దగ్గరకొచ్చాను.

“ఆయన ఊపిరి నాకు తెలీదా? ఎవరో మరి. పాపం, బాగా భయపడ్డాడు.” ప్లేటు తీసి నా చేతికిచ్చి, ఏ తల్లి కన్నబిడ్డోగానీ దేవుడు చల్లగా చూడాలంది. అన్నం పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. ఆయన తలూపిన చోటే నేనూ నోరు మూసుకున్నాను.

సోమవారం ఆఫీసులో, ప్లేటుతో పాటు పంపడానికి, కలకత్తాకి జవాబు టైపు చేశాను. ఎల్పీ అట్ట మీద ఏ పేరుంటే ఆ పేరు అమ్మ చదువుతుంది, ఇంగ్లీషు బాగా వచ్చు. ఆ మద్రాసు ఆయనకీ ఇల్లుంటుంది, ఆ ఇంట్లో ఆదివారాలుంటాయి, నాలాంటి ఒక కూతురుంటుంది. ఇవన్నీ తెలిసే టైపు చేశాను. కంపెనీ పుస్తకంలో మాటకి ఎక్కడా తేడా రాకుండా కుదిరింది. రెండో టేకులో క్లారినెట్ మా నాన్నగారు.

ఏడాది తిరక్కుండా ఎల్పీ వచ్చింది. రెండు టేకులూ వేశారు. అట్ట వెనక నాన్నగారి పేరు అచ్చులో ఉంది. అమ్మ దాని మీద వేలు పెట్టి మూడుసార్లు చదివింది. చర్చిలో అందరికీ చూపించింది. దానికి పై వరుసలో, మొదటి టేకు ఎదురుగా, క్లారినెట్ ఎవరో తెలియదని ఉంది. మా నాన్నగారి ఊపిరి ఈ లోకంలో మిగిలింది అందులోనే. తెలియదని రాసి పంపింది నేనే.