రాజవ్వ ఒడిబియ్యానికి కూర్చున్న రోజు

“గీ నిద్ర మందు నిద్రనా చెల్లె, నా నిద్రనా?” అని అడిగింది రాజవ్వ.

“నీ నిద్రనే అక్కా. పండుకో,” అన్నాను.

మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. మర్నాడు మధ్యాహ్నం ఆమె పోయింది. ఆ మాట ఎందుకు అడిగిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

అది కరోనా సద్దుమణిగిన ఏడాది. కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో నేను ఆయమ్మను, ఇప్పటికీ అదే పని. మాది పాలియేటివ్ కేర్ విభాగం. అంటే, రోగం ఇక తగ్గదని తేలిపోయాక, ఉన్నన్నాళ్లు మనిషిని నొప్పి లేకుండా చూసుకునే చోటు. మంచం దిగలేని వాళ్ల ఇళ్లకు మేమే జీపులో వెళ్తాం. సునీత సిస్టర్ మందులు, పుండ్లు చూస్తుంది. ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, తల దువ్వడం నా పని. నాకు చదువు రాదు, సంతకం మటుకు పెడతాను. నేను చెబుతుంటే మా కోడలు స్వప్న రాస్తోంది.

రాజవ్వది కరీంనగర్ పక్క పల్లె. బీడీలు చుట్టి బతికిన మనిషి. గర్భసంచి కేన్సర్ నడుము ఎముకల్లోకి పాకింది. కూర్చోనూ లేదు, వెల్లకిలా పడుకోనూ లేదు. డాక్టరు మార్ఫిన్ రాశాడు. కేన్సర్ నొప్పికి ఇచ్చే గట్టి మందు అది, నొప్పి ఉన్నా లేకున్నా వేళ తప్పకుండా వేసుకోవాలి. అయినా మేం వెళ్లేసరికి ఆమె దిండు అంచును పళ్లతో కరిచి పట్టుకుని ఉంది. చూస్తే మాత్రలు చాలావరకు అట్లాగే ఉన్నాయి.

ఆమె భర్త మల్లయ్య దాచలేదు. “బాగ మొత్తుకున్నప్పుడు సగం ఇస్తున్న సిస్టరమ్మా. రోజు ఇస్తే అలవాటైతది గద,” అన్నాడు.

“నేనే గట్ల ఇయ్యుమన్న,” అంది రాజవ్వ. “మా మరిదిని చూసిన. మత్తుమందు కలిపిన కల్లు తాగి తాగి, అది దొర్కని నాడు ఒళ్లంత వణికి గోడలతోని మాట్లాడిండు. నేను గట్ల గావద్దు. సచ్చినా మంచిదే, సోయి ఉండాలె, తెలివి తప్పొద్దు.”

మా వైపు ఆ భయాన్ని ఎవరూ తీసిపారేయలేరు. అట్లాంటి మరిది ప్రతి ఊళ్లో ఒకడుంటాడు. సిస్టర్ కూడా తీసిపారేయలేదు. మంచం పక్కన కూర్చుని నిదానంగా చెప్పింది.

“గా కల్లు మంచిగున్న మనిషిని తింటది. ఇది డాక్టర్ లెక్క చూసి ఇచ్చే మందు, నొప్పి మీద పని చేస్తది. నొప్పి లేసినంక వేస్తే అది ముందట ఉరుకుతది, మనం ఎన్క ఉరుకుతం.”

రాజవ్వ గోడ వైపు తల తిప్పుకుంది.

నేను తల దువ్వుతుంటే అసలు మాట బయటికొచ్చింది. వచ్చే వారం ఇచ్చోడ నుంచి తమ్ముడు ఒడిబియ్యం తెస్తున్నాడు. పుట్టింటివాళ్లు ఆడబిడ్డకు కొన్నేళ్లకోసారి కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తారు. పీట మీద కూర్చుని కొంగు పట్టాలి.

“మంచంలనే పోపిచ్చుకో అంటున్నరు చెల్లె. పండవెట్టి బియ్యం పోసేది సచ్చినోళ్లకు. నేను కూసోవాలె. మా తమ్ముని మొఖం సోయిల ఉండి చూడాలె. రెండూ కావాలె నాకు.”

సిస్టర్ ఆ మాట విని, “అయితయని ఒట్టు వెయ్యలేను అక్కా,” అంది. “గని ఇయ్యాల్నే మొదలువెట్టాలె. మొదట రెండు మూడు రోజులు నిద్ర ముంచుకొస్తది. తర్వాత గది తగ్గుతది. మీ తమ్ముడు వచ్చేసరికి తేటగ ఉంటరు.”

రాజవ్వ మాత్ర కోసం చెయ్యి చాపింది. మార్ఫిన్‌తో మలబద్ధకం వస్తుంది కాబట్టి దానికీ మందు ఇచ్చి, ఏది ఎప్పుడు వేయాలో మల్లయ్యతో మళ్లీ మళ్లీ చెప్పించుకుని వచ్చాం.

రెండో రోజే మల్లయ్య ఫోన్ చేశాడు. “నా పెండ్లాన్ని మత్తుల పండవెట్టిన్రు గదా. కండ్లు తెరుస్తలేదు.”

“పిలిస్తే లేస్తుందా?” అని అడిగింది సిస్టర్.

“లేసి నన్నే తిడుతుంది.”

“ఊపిరి మంచిగ తీస్తుందా?”

“గురక గూడ లేదు. చంటిపిల్ల లెక్క పండుకుంది.”

“అయితే ఫికర్ లేదు. ఎన్ని నెలల నిద్ర అది, పోనియ్యున్రి.” అట్లా అంది గానీ, సాయంత్రం జీపు తీయించి స్వయంగా చూసొచ్చింది.

ఒడిబియ్యం రోజు మేం కూడా వెళ్లాం. రాజవ్వ కళ్లు తేటగా ఉన్నాయి. మంచం నుంచి పీట మీదికి దించాలి. నేను వెనక్కి జరిగాను. భర్త పోయినదాన్ని, ఆ పీట దగ్గర నాకేం పని? ఆమె పెద్దమ్మ కూడా, “గామె వద్దు బిడ్డా, ముత్తైదువలు పడుతరు,” అంది.

“నిన్న ముత్తైదువలే పట్టిన్రు పెద్దవ్వా, పానం పోయినంత పనైంది,” అంది రాజవ్వ. “చెల్లె పడితె నొయ్యది. ఆమె పట్టకపోతే నేను లేవను.”

పెద్దమ్మ పక్కకు జరిగింది. నేను రాజవ్వ మోకాళ్లు మడిపించి, మొత్తం ఒళ్లు ఒకేసారి పక్కకు తిప్పి, భుజాలు పట్టి లేపాను. మల్లయ్య కాళ్లు దించాడు. పీట మీద దిండు వేసి కూర్చోబెట్టి, నేను ఆమె వెనకే కూర్చున్నాను. ఆమె వీపు నా రొమ్ముకు ఆనింది. ఎక్కడ బిగుసుకుంటుందోనని చూశాను. బిగుసుకోలేదు.

తమ్ముడూ మరదలూ దోసిళ్లతో బియ్యం పోశారు. తమ్ముడు అక్క ముఖమే చూస్తూ పోస్తుంటే సగం కింద పడ్డాయి.

“ఒడిల పొయ్యురా, భూమికి పోస్తున్నవ్,” అంది రాజవ్వ. తర్వాత కొంగులో బియ్యంతో పాటు పడ్డ ఎండుకొబ్బరి చిప్పలు చూసి, “కుడుకలు ఉన్నయ్, ఖర్జూరాలేవి? ఇచ్చోడల దొర్కలేదా?” అని అడిగింది.

వాళ్లు నిజంగానే మర్చిపోయారు. తమ్ముడు ఏడుస్తూ నవ్వాడు. మల్లయ్య సిస్టర్ వైపు తిరిగి, “సోయిలనే ఉంది,” అన్నాడు.

బియ్యం మూట దించేదాకా ఆమె కూర్చునే ఉంది. ఆ తర్వాత కొన్ని వారాలు బతికింది. అప్పుడప్పుడు నొప్పి లేచేది, డాక్టరు మోతాదు మార్చేవాడు. దిండు కరవడం మాత్రం నేను మళ్లీ చూడలేదు. ఆ ఆఖరి మధ్యాహ్నం కూడా పక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని నిద్రలోనే పోయిందని మల్లయ్య చెప్పాడు. విని నాకు ఏడుపు కంటే ముందు ఊపిరి తేలికైంది. మా ఆయన పోయేటప్పుడు ఇట్లాంటి మందు ఉందని మాకెవరికీ తెలియదు.

ఇప్పుడు ఎవరు మాత్ర వద్దన్నా, సిస్టర్ మాట్లాడేలోపు నేను ఒకటే అడుగుతాను, ఎవరిని చూసి భయపడ్డవ్ అక్కా అని. చాలామంది చెబుతారు. చెప్పాక చెయ్యి చాపుతారు.

స్వప్నా, రాసుడు అయిందా బిడ్డా? జర ఆమె పీట మీద కూసున్న కాడికెళ్లి చదువు. నేను వింట.