పసుపు పట్టించిన ముక్క

నేను నోటితో చెబుతున్నాను, రాసేవాళ్ళు రాస్తున్నారు. సంతకం పెట్టడం తప్ప నాకు రాత రాదు. అయినా ఆ సీసా సంగతి నేనే చెప్పాలి. దాన్ని ఒళ్లో పెట్టుకుని మోసింది నేను.

నా కూతురికి రొమ్ములో గడ్డ లేచింది. చోడవరంలో బట్టల కొట్టులో చీరలు పరిచి చూపించే పని దానిది. పై అరలో చీర అందుకోబోతే చంక లాగిందట, అదే మొదలు. మొగుడితో పొసగక అది మా దగ్గరికే వచ్చేసింది. నా పెనిమిటి పోయాక ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళమే: అది, నేను, నా పెనిమిటిని కన్న తల్లి, మా అత్త.

అనకాపల్లిలో డాక్టరు గడ్డలోంచి చిన్న ముక్క తీశాడు. మందునీళ్ళున్న సీసాలో వేసి, విశాఖపట్నంలో ల్యాబుకు మీరే పట్టుకెళ్ళాలమ్మా అని నా చేతిలో పెట్టాడు. శనివారం సాయంత్రం అయిపోయింది. ల్యాబు సోమవారం గానీ తియ్యరు. పిల్లను తీసుకుని ఇంటిదారి పట్టాను.

బస్సులో ఊపిరాడని జనం. సీసా మూత సరిగ్గా పడలేదో, సంచి నలిగిందో, ఆ నీళ్ళు కారి నా చీర తడిసింది. ఆ ఘాటుకు చుట్టూ ఉన్నవాళ్ళ కళ్ళు మండిపోయాయి.

"ఏటమ్మా అది, యాసిడ్డా? దిగిపో ముందు" అన్నాడు కండక్టరు.

"కాదు బాబూ. మా గుంట ఒంట్లో ముక్క" అన్నాను, నా కూతుర్ని చూపించి.

ఒకామె లేచి నా కూతురికి సీటిచ్చింది.

ఇంటికొచ్చి సీసాను గూట్లో పెట్టి, నొప్పి బిళ్ళల కోసం మందుల షాపుకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి సీసా గుడ్డ చుట్టి, బిగించి కట్టి ఉంది. అత్త జాగ్రత్త అనుకున్నాను. విప్పి చూడలేదు.

సోమవారం ల్యాబులో డాక్టరమ్మ విప్పింది. "ఇదేంటమ్మా, ఇంత పచ్చగా ఉంది?" అంది. అక్కడి నుంచే ఇంటికి ఫోను చేశాను.

"నీళ్ళు కారిపోనాయి కదే" అంది అత్త. "ముక్క ఎండిపోతన్నాది. కుళ్ళిపోద్దని పసుపూ ఉప్పూ పట్టించేను. మాంసం మర్నాడు వండుకోవాలంటే ఏటి సేస్తాం మరి?"

డాక్టరమ్మ నవ్వలేదు, తిట్టలేదు. కుర్చీ చూపించి నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఒంట్లో కణాల మీద ఒక ప్రోటీను ఉంటుందట. పెరుగు, పెరుగు అని లోపలికి కబురు పంపడం దాని పని. చక్కెర ఫ్యాక్టరీ కూత వేస్తే షిఫ్టువాళ్ళు కదిలినట్టు, దాని కబురుకు కణాలు కదులుతాయట. కొందరి గడ్డల్లో అది మరీ ఎక్కువై, ఆ కూత ఆగదు. దాన్ని కనిపెట్టడానికి ల్యాబులో యాంటీబాడీ అని ఒక మందు ఉంది. మందలో ఎన్ని ఆవులున్నా లేగదూడ తన తల్లి దగ్గరికే పోయినట్టు, అది ఆ ప్రోటీను దగ్గరికే పోయి అతుక్కుంటుందట. అతుక్కున్నచోట రంగు తేలుతుంది. రంగు తేలితే, ఆ కూతను ఆపే ఇంజక్షను ఉంది.

"రంగు తేలకపోతే?"

"ఆ ఇంజక్షను మీ అమ్మాయికి పనికిరాదమ్మా."

కొన్నాళ్ళకు రిపోర్టు ఇచ్చారు. క్యాన్సరే. ఎండిన ముక్కలోనూ అది దాగలేదు. రంగు మాత్రం తేలలేదు. ప్రోటీను లేక తేలలేదో, ముక్క చెడి తేలలేదో చెప్పలేను, ఇంకో ముక్క తీయించండి అంది డాక్టరమ్మ.

నా కూతురు ఒప్పుకోలేదు. "నన్నింక కొయ్యద్దు. ఉన్నన్నాళ్ళు ఉంటాను" అని గోడవైపు తిరిగి పడుకుంది. కాళ్ళు పట్టుకున్నాను. తన్నినంత పని చేసింది.

అత్త ఆ రిపోర్టు కబురు విన్నప్పటి నుంచి పసుపు ముట్టడం మానేసింది. పప్పు తెల్లగా ఉడికేది, కూర తెల్లగా ఉడికేది. తను మాత్రం అదీ తినకుండా గుమ్మంలో కూర్చునేది. నా నోట్లోంచి ఎన్ని మాటలు రాబోయాయో నాకే తెలుసు. మింగాను. కొడుకుని పోగొట్టుకున్న మనిషిని ఏమని తిట్టను?

చివరికి కూతురే లేచి గుమ్మంలోకి వెళ్ళింది.

"నానమ్మా, పసుపూ ఉప్పూ ఏసేవు, కారం మరిసిపోయేవా? నన్ను సప్పగా వండేద్దామనుకున్నావేటే?"

ముసలామె ఏడ్చింది. "నా కళ్ళు పొడిసీయే తల్లీ" అంది.

"ఏడవకు. ఆస్పత్రికి పోతాన్లే. ఇంకో ముక్క ఇచ్చొస్తాను. నువ్వు తిను."

ఈసారి ముక్క తీసిన పొద్దునే, మూత చుట్టూ టేపు వేయించి, నేనొక్కదాన్నే తిన్నగా విశాఖపట్నం పోయాను. దారిపొడుగునా రెండు చేతులతో సీసాను పట్టుకుని, రంగు తేలాలి తల్లీ అని మొక్కుకున్నాను. బిడ్డ ఒంట్లో చెడ్డది ఉండాలని ఏ తల్లైనా మొక్కుతుందా? నేను మొక్కాను. అది ఉంటే ఇంజక్షను ఉంది. లేకపోతే ఏముంది?

ఫలితం చెప్పే రోజున డాక్టరమ్మ నన్ను మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టింది. ముందు వేరే ఎవరిదో ముక్క చూపించింది. మందు సరిగ్గా పనిచేస్తోందని పోల్చుకోవడానికి దాన్ని పక్కన పెడతారట. ప్రతి కణం చుట్టూ బెల్లం పాకం తీగలా చుట్టుకుని ఉంది. ఎంత అందంగా ఉందో! ఆ ఆడమనిషి ఎవరో, ఆమెను చూసి నాకు కడుపు మండింది. తర్వాత నా కూతురిది పెట్టింది. ఒట్టి నీలం, పాకం రంగు ఎక్కడా లేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. నీలమే.

"ముక్క బాగానే ఉందమ్మా. ఆ ప్రోటీను లేదు" అంది. వేరే మందులతో వైద్యం చేస్తారు, కష్టమైనదే, కానీ చేస్తారు అంది. తర్వాత ఏం చెప్పిందో నాకు వినపడలేదు.

ఇంటికి చేరేసరికి అత్త గుమ్మంలోనే ఉంది. "నీ పసుపు వల్ల కాదత్తా. మొదట్నించీ లేదంట" అన్నాను. ఆ మాటకు ఆమె గుండె తేలికపడుతుందనుకున్నాను.

నా మొహంలోకి చూసి, నెమ్మదిగా అంది: "నా పసుపే సెడగొట్టిందని సెప్పవే. నా తప్పయితే దిద్దుకుందుం కదే."

లోపల నుంచి కూతురు పిలిచింది. అంతా వినే ఉంటుంది.

"నానమ్మా, ఆకలేస్తన్నాది. ఆ తెల్ల కూర నేను తిన్ను, సెప్తన్నాను."

అత్త గోడ పట్టుకుని లేచింది. పొయ్యి దగ్గర కూర్చుని పోపులడబ్బా తీసింది. చెంచా పసుపు మీద ఆపి నావైపు చూసింది.

"ఎయ్యి" అన్నాను.