సూది చేతికివ్వకూడని వేళ

పెళ్ళయి తిరువూరు వచ్చి రెండేళ్ళయినా నాకు గొంతంటూ ఒకటుందని అత్తవారింట్లో ఎవరికీ తెలియదు. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకునేదాన్ని. మంచినీళ్ళు కావాలన్నా సగం మాట మింగేసి సైగ చేసేదాన్ని. అలాంటి నన్ను, పిల్లల కోసం విజయవాడలో చూపించుకుంటున్న డాక్టరమ్మ, రోజూ సాయంత్రం ఏడింటికి పొట్టకి హార్మోను ఇంజెక్షను వేసుకోమంది. ఒక్క పూట తప్పినా ఆ నెల ప్రయత్నమంతా వృథాయేనట. నర్సు పెన్నులాంటి ఆ పరికరం నా చేతిలో పెట్టి, "సూది బిగించాక ఎక్కడా ఆనించకూడదమ్మా, అర్థమైందా?" అంది. తలూపాను. (స్కూల్లో టీకాలు వేయడానికొస్తే బెంచీ కింద దూరిన పిల్లనని ఆవిడకు చెప్పలేదు.) అయినా వేసేది మా ఆయన కదా అని నా ధైర్యం. పురుగుమందుల కొట్టు నడిపే మనిషి, మిరప తోటలో ఏ పురుగునైనా చూడగానే పేరు చెప్పగలరు, చిన్న సూదికి జంకుతారా?

అలవాటు కోసం నర్సు ఒక ఖాళీ సిరంజి ఇచ్చి, ఏదైనా పండు మీద గుచ్చి చూడమంది. ఇంట్లో పండ్లు లేవు; ఆవకాయ కోసం విస్సన్నపేట నుంచి తెచ్చిన పచ్చి మామిడికాయలున్నాయి. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఒక కాయకి బలంగా పొడిచాను. సూది వంకర తిరిగింది. కాయకే దిగనిది నాకెలా దిగుతుందని ఒళ్ళు చల్లబడింది. (ఇన్ని పుస్తకాలు చదివినా మామిడికాయకీ మనిషి పొట్టకీ తేడా తట్టలేదు.)

సాయంత్రం అత్తయ్య దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చేసరికి నేను పెన్నుకి సూది బిగించి, మూత తీసి నిలబడ్డాను. ఆ మూత కాస్తా జారి మంచం కిందికి దొర్లిపోయింది. మా ఆయన "ఇటివ్వు" అని చెయ్యి చాపారు.

"ఒరేయ్, ఆగు," అన్నారు అత్తయ్య గుమ్మంలోంచి. "దీపాలు పెట్టాక సూది చేతికిస్తారా ఎవరన్నా? తర్వాత మీ ఇద్దరికీ పడదు. అమ్మాయ్, కింద పెట్టు, వాడు తీసుకుంటాడు."

"కింద పెట్టకూడదంటండి," అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

"ఏంటీ?"

"అమ్మ అంతగా చెప్తోంది కదా, పోనీ నువ్వే వేసుకో," అన్నారు మా ఆయన. తలెత్తి చూసి నిర్ఘాంతపోయాను. మొహమంతా చెమటలు, అప్పటికే గోడకి ఆనుకున్నారు. వాళ్ళమ్మ మాట ఆయనకి అంత తియ్యగా వినపడటం నేనెప్పుడూ చూడలేదు.

చేతికివ్వడానికి లేదు, కింద పెట్టడానికి లేదు. గడియారంలో ఏడవుతోంది. పొట్ట మీద చర్మం మడత పట్టుకుని గోడకేసి తిరిగాను. వెనక నుంచి అత్తయ్య మొదలుపెట్టారు. "ఊపిరి బిగబట్టు. కాదు, వదిలెయ్. మరీ బొడ్డు దగ్గరొద్దమ్మా. ఆంజనేయస్వామిని తలుచుకో. ఏరా, కళ్ళు మూసుకున్నావేంట్రా? చూడు దాన్ని..."

"అత్తయ్యా, మీరు కాసేపు మాట్లాడకండి!"

అంత గట్టిగా అరిచింది ఎవరా అని నేనే తిరిగి చూడబోయాను. కిందికి చూశాను కదా, సూది లోపలే ఉంది. ఎప్పుడు దిగిందో తెలియదు. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. నర్సు చెప్పినట్టు మీట నొక్కి, కాసేపు ఉంచి, తీసేశాను.

అత్తయ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నన్నే చూస్తున్నారు. అయిపోయాననుకున్నాను.

"ఇంత గొంతు పెట్టుకుని," అన్నారు చివరికి, "ఇన్నాళ్ళూ నాతో సైగలతో సరిపెట్టావా?"

ఆ నెల మందు ఫలించలేదు. రిపోర్టు వచ్చిన రోజు అత్తయ్య పక్కన కూర్చుని, "గట్టిగా ఏడు, లోపల పెట్టుకోకు," అన్నారు. గట్టిగానే ఏడ్చాను. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టాం. సాయంత్రం ఏడు గంటలవుతుందనగా మా ఆయనకి కొట్లో ఏదో పని గుర్తుకొస్తుంది. నేను అత్తయ్యతో ఊళ్ళో కబుర్లు చెబుతూ వేసుకుంటాను. ఆ మొదటి సాయంత్రం బిక్కచచ్చి నిలబడ్డ అమ్మాయి గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఆమె దగ్గరికి వెళ్ళి ఏమీ కాదని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా తలూపేదే గానీ నమ్మేది కాదు.