ఖాళీ ఆకాశం ఫోటోలు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెబుతాను. మా వీధిలో నాలుగు చినుకులు పడితే, నేను చెప్పేటప్పటికి స్వర్ణముఖి గట్లు తెంచుకొని శ్రీకాళహస్తిలోకి వచ్చేసి ఉంటుంది. కాబట్టి కింద రాసినదాన్ని సగానికి సగం తగ్గించి చదువుకోండి. సిగ్గును మాత్రం తగ్గించకండి, అది ఉన్నదానికన్నా తక్కువే రాశాను.

తొంభైల చివర్లో, చిత్తూరు నుంచి మూడు బస్సులు మారితే గానీ రాని ఒక కొండ మీద నాకు ఉద్యోగం. మా టెలిస్కోపు గోపురం తెరుచుకుంటే ఆ చప్పుడుకు నాయుడుపేటలో కుక్కలు లేచి కూర్చునేవి. నా పని రెండు రకాలు. మన పాలపుంతకు ఇరుగుపొరుగున ఉన్న గెలాక్సీల్లో కొత్త నక్షత్రాలు ఎక్కడ పుడుతున్నాయో వెతకడం ఒకటి. టెలిస్కోపు వాడుకోవడానికి బయటి నుంచి వచ్చేవాళ్ళకు అన్నీ అమర్చిపెట్టడం రెండోది. మొదటిది గొప్ప చెప్పుకోవడానికి, రెండోది జీతానికి.

ఆ అమర్చడంలో ముఖ్యమైనది ఖాళీ ఆకాశాన్ని ఫోటో తీయడం. కెమెరా ముందున్న అద్దం మీద దుమ్ము పడితే, దాని నీడ ప్రతి ఫోటోలోనూ నడుమ చిల్లున్న వడలాగా కనిపిస్తుంది. పొద్దు గుంకాక, చుక్కలు రాకముందు, ఓ పది నిమిషాలు ఏమీ లేని ఆకాశాన్ని తీసి పెట్టుకుంటే, తర్వాత దాని సాయంతో కంప్యూటర్లో ఆ వడను చెరిపేయొచ్చు. ఇది ఏ రోజుకారోజు తీయాల్సిందే. దుమ్ము ఒకచోట కూర్చోదు కదా. అది పక్కకు జరిగిపోయాక పాత ఫోటోతో చెరిపితే, నీడ లేనిచోట తెల్లటి వడ ఒకటి మిగులుతుంది.

శ్రీకాళహస్తి కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఒకావిడ మా కొండకు వచ్చింది. నగరి నేతగాళ్ళ బిడ్డ. ఎంఫిల్ పూర్తయితేనే ఉద్యోగం పర్మనెంటు. మూడేళ్ళు అర్జీలు పెట్టి నాలుగు రోజులు సంపాదించుకుంది. తోడుగా వాళ్ళ నాయన వచ్చాడు. మూడు రోజులు మబ్బు. నాలుగోనాడు ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.

ఆ సాయంత్రం నేను టీకొట్టు దగ్గర ఇద్దరు తిరుపతి జీపు డ్రైవర్లను కూర్చోబెట్టుకొని, మా టెలిస్కోపులో చంద్రుడి మీద పాకే చీమ కాళ్ళు కూడా లెక్కపెట్టొచ్చని చెబుతున్నాను.

"ఎన్ని కాళ్ళుండాయి సార్ దానికి?"

"ఆరే అబ్బా. ఈడ మాదిరే."

"అయితే ఆడికి పొయ్యి బాగుపడిందేముండాది?"

నవ్వి, ఇంకో టీ చెప్పి, ఇంకో కోత కోసి తల ఎత్తేసరికి చుక్కలు వచ్చేశాయి. పరుగెత్తుకుంటూ పైకి వెళ్ళాను.

"ఖాళీ ఆకాశం ఫోటోలు తీసేసినారా సార్?" అని అడిగిందావిడ.

"తీసేసినానమ్మా," అన్నాను. ముందు వారం తీసినవి ఆమె పేరున పెట్టాను.

ఆరు నెలలకు తిరుపతిలో సెమినారుకు పిలుపొచ్చింది. ఒక పొరుగు గెలాక్సీలో, పేలిన నక్షత్రం వదిలిన కొత్త వలయాన్ని ఆవిడ కనిపెట్టిందట. నేనే ముఖ్య అతిథినట. హాల్లో గోడకు ఆవిడ మా కొండ మీద తీసిన అయిదు గెలాక్సీల ఫోటోలు అంటించి ఉన్నాయి. మొదటిదాంట్లో కుడిపక్క మూలనున్న తెల్లటి వడను చూడగానే గుర్తుపట్టాను. వాళ్ళ నాయన నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"సార్, ఒగ మాట. ఆ తెల్ల సున్నా అయిదు బొమ్మల్లోనూ కుడిపక్క ఇదే మూల ఉండాది, సూసినారా? తక్కిన నాలుగింట్లో పాప పట్టించుకోలే."

"అట్లాంటివి ఉంటాయి పెద్దాయనా."

"మాకు నేసిన ప్రతి చీరలోనూ ఒకే తావులో మచ్చ వస్తే నూలును తిట్టం సార్. మగ్గం కింద దూరి చూస్తాం."

"ఆకాశం మగ్గం కాదు పెద్దాయనా," అన్నాను, పక్కనున్నవాళ్ళకు కూడా వినపడేలా. వాళ్ళు నవ్వారు.

"అంతేలే సార్. మీరు సదువుకున్నోళ్ళు," అని ఆయన వెనక్కి తగ్గాడు.

నన్ను వేదిక మీదికి పిలిచారు. మైకు పట్టుకొని, "ఆ వలయం గెలాక్సీలోది కాదు, దుమ్ము వల్ల వచ్చింది. తప్పు నాది, ఆ సాయంత్రం నేను టీకొట్టులో ఉన్నాను," అని చెప్పేశాను. ఆవిడ లేచి నాకు దండం పెట్టింది.

ఇదిగో, వేదిక మీది ఈ ముక్క కల్పించాను. మిగతాది పెంచాను గానీ జరిగింది. ఇది జరగలేదు. ఆ రోజు నేను శాలువా కప్పించుకొని, పరిశోధనలో శ్రద్ధ ఎంత అవసరమో అరగంట మాట్లాడాను. చప్పట్లు బాగానే కొట్టారు.

రెండు నెలలకు ఆవిడ నుంచి ఉత్తరం వచ్చింది. పరీక్షకుడు తప్పు పట్టుకొని ఎంఫిల్ వెనక్కి పంపాడు. మళ్ళీ మొదటి నుంచి చేయాలి. ఆ ఏటికి పర్మనెంటు మాట లేదు. "మా నాయన ఆ రోజే చెప్పినాడు సార్, నేనే వినలేదు. మీరు అంత కష్టపడి అన్నీ అమర్చిస్తే నేను సరిగ్గా వాడుకోలేక మీకు చెడ్డపేరు తెచ్చినాను. క్షమించండి," అని రాసింది.

"ఫర్వాలేదమ్మా, అందరికీ జరిగేదే," అని జవాబు రాసి పోస్టు చేశాను.